మిన్నెసోటా ఉత్తరాది సరస్సులు: అత్తమామలతో ఎక్కడికి వెళ్లాలి?

సౌమ్య_రోజ్‌విల్

అందరికీ నమస్తే. జూన్‌లో మా అత్తయ్య, మావయ్య గారు భీమవరం నుంచి వస్తున్నారు. మావయ్య గారు ముప్పై ఏళ్లకు పైగా చేపల చెరువులు చూసుకున్న మనిషి. పోయినసారి వచ్చినప్పుడు గుడి, మాల్, డులూత్ బ్రిడ్జి అన్నీ తిప్పాం. ఆయన మాత్రం కారు అద్దంలోంచి కనపడే ప్రతి సరస్సునూ చూసి "ఇందులో ఏ చేప ఉంటుందమ్మా, ఎవరు పడతారు, ఎక్కడ అమ్ముతారు?" అని అడుగుతూనే ఉన్నారు. నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు.

ఈసారి ఆయన కోసమే నాలుగు రోజులు ఉత్తరానికి వెళ్దామనుకుంటున్నాం. ఏ సరస్సు బాగుంటుంది? విజిటర్ వీసా మీద ఉన్నవాళ్లకు లైసెన్స్ ఇస్తారా? పట్టిన చేప వండుకోవచ్చా? ఇంకొకటి, అక్కడి వాళ్లు ఎలా బతుకుతారో ఆయనకు చూపించాలని ఉంది. రిసార్ట్‌లో కూర్చుని వచ్చేస్తే ఆయనకు తృప్తి ఉండదు.

మిల్‌లాక్స్_మూర్తి

సౌమ్య గారూ, మంచి ఆలోచన. ఈ రాష్ట్రంలో పది ఎకరాలు, అంతకు మించిన సరస్సులే 11,842 ఉన్నాయి. అన్నీ చూడాలని తిరిగితే కారులోనే సరిపోతుంది. ఒకటో రెండో ఎంచుకోండి.

దగ్గర్లో కావాలంటే మిల్ లాక్స్. ట్విన్ సిటీస్ (మినియాపొలిస్, సెయింట్ పాల్) నుంచి రెండు గంటల లోపే. 1,32,000 ఎకరాల నీళ్లు, అవతలి ఒడ్డు కంటికి ఆనదు. అక్కడ 'లాంచ్' అని పెద్ద పడవలు ఉంటాయి. గాలం, ఎర, నడిపే మనిషి అన్నీ వాళ్లవే. పెద్దవాళ్లకు చిన్న పడవ కన్నా ఇదే మేలు. మధ్యాహ్నం గాలి లేస్తే మిల్ లాక్స్‌లో అలలు భయపెడతాయి. పొద్దున ట్రిప్పు తీసుకోండి, లైఫ్ జాకెట్ విప్పనివ్వకండి.

లైసెన్స్ 16 ఏళ్లు, ఆ పైబడిన వాళ్లకు కావాలి. మీకు రెసిడెంట్, మావయ్య గారికి నాన్ రెసిడెంట్. రాష్ట్రం బయటివాళ్లకు 24 గంటలు, 72 గంటలు, 7 రోజుల లైసెన్సులు ఉన్నాయి. వీసాతో సంబంధం లేదు. ఎన్ని చేపలు ఉంచుకోవచ్చు, ఏ సైజు వదిలేయాలి అన్నది సరస్సును బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది. వెళ్లే వారం డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) సైట్‌లో ఆ సరస్సు పేరు కొట్టి చూసుకోండి.

శ్రీను_వుడ్‌బరీ

తిండి సంగతి నేను చెబుతాను. ఇక్కడ రాజు వాలై. 1965 నుంచి రాష్ట్ర చేప కూడా అదే. తెల్లటి కండ, వాసన తక్కువ, కండ విడదీసి (ఫిలే) కోశాక ముళ్లు దాదాపు ఉండవు. కొరమేను ఇష్టపడేవాళ్లకు నచ్చుతుంది. వేపుడుకు బ్రహ్మాండం, పులుసులో మాత్రం తొందరగా విడిపోతుంది. ముక్క చివర్లో వేసి, గరిటె పెట్టకుండా గిన్నె తిప్పమని అత్తయ్య గారికి చెప్పండి. నార్తర్న్ పైక్‌లో వై ఆకారంలో ముళ్ల వరుస ఉంటుంది. ఇక్కడివాళ్లు చాలామంది దాన్ని చిన్నచూపు చూస్తారు. ముళ్ల చేప తిని పెరిగిన మనకు అదేమీ అడ్డం కాదు, పులుసుకు నా ఓటు పైక్‌కే.

చేపను కోసి ఇంటికి తెచ్చుకునేటప్పుడు ప్రతి ముక్కకూ అంగుళం చదరమంత తోలు, పొలుసుతో సహా, వదిలేయాలి. దారిలో ఆపితే అది ఏ చేపో వార్డెన్‌కు (వేట నియమాలు చూసే అధికారికి) తెలియాలి కదా. పెద్ద చేపల్లో పాదరసం ఎక్కువ. గర్భిణులు, చిన్నపిల్లలు ఎంత తినొచ్చో ఆరోగ్య శాఖ సరస్సుల వారీగా చెబుతుంది. అయినా చిన్నవే రుచి.

బెమిడ్జీ_పద్మ

సౌమ్యా, నేను బెమిడ్జీలో ఉంటాను. మీ మావయ్య గారి ప్రశ్న నాకు చాలా నచ్చింది. "ఎవరు పడతారు, ఎక్కడ అమ్ముతారు" అని అడిగే మనిషిని మిల్ లాక్స్ దగ్గరే ఆపేయకండి, ఇంకో రెండు గంటలు పైకి తీసుకురండి.

బెమిడ్జీ చుట్టూ ఒజిబ్వే ఆదివాసుల సొంత పాలనలోని మూడు ప్రాంతాలు (రిజర్వేషన్లు) ఉన్నాయి. ఉత్తరాన రెడ్ లేక్, తూర్పున లీచ్ లేక్, పడమర వైట్ ఎర్త్. ఈ నీళ్ల మీద తరతరాలుగా బతుకుతున్నది వాళ్లు. కేబిన్లు, రిసార్టులు ఆ తర్వాత వచ్చినవి.

రెడ్ లేక్ కథ ఆయనకు తప్పకుండా చెప్పండి. ఎగువ, దిగువ అని రెండు సరస్సులు, ఇరుకైన పాయతో కలిసి ఉంటాయి. మొత్తం 2,88,000 ఎకరాలకు పైనే. అందులో ఎగువ సరస్సు తూర్పు భాగం, 48,000 ఎకరాలు, రాష్ట్రానిది. మిగతాదంతా రెడ్ లేక్ తెగది. 1889లో ప్రభుత్వం రిజర్వేషన్ భూముల్ని ముక్కలు చేసి తలా ఒకటి పట్టా ఇస్తానంటే వీళ్లు ఒప్పుకోలేదు. ఈ రోజుకీ అక్కడ భూమి అందరిదీ ఉమ్మడిగానే ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1917లో, తిండి కొరత కోసమని ఇక్కడ వ్యాపారానికి వలలు వేయడం మొదలైంది. ఆ తర్వాత అదే వందల కుటుంబాలకు జీవనాధారం అయింది. ఏళ్ల తరబడి పట్టాల్సిన దానికన్నా ఎక్కువ పట్టారు. తెగ వైపు వలలు, దొంగచాటు అమ్మకాలు, రాష్ట్రం వైపు గాలాలు, అందరి చేయీ ఉంది. 1990ల మధ్యకు వచ్చేసరికి వాలై దాదాపు లేకుండా పోయింది.

అప్పుడు ఏం జరిగిందో చూడండి. 1997లో వలలు వేసే ఆ జాలరులే కూర్చుని, ఇక వేయకూడదని ఓటేసి ఆపేశారు. 1999లో తెగ, రాష్ట్రం, కేంద్రం ఒప్పందం రాసుకుని సరస్సు మొత్తంలో వాలై వేట బంద్ చేశాయి. 1999, 2001, 2003లలో కోట్ల సంఖ్యలో చేపపిల్లల్ని వదిలారు. 2006 మేలో మళ్లీ తెరిచారు, అదీ రాష్ట్రం వైపు రోజుకు 2 చేపలకు మించకుండా. పిల్లల్ని వదలడం ఎక్కడైనా చేస్తారు. ఇక్కడ పనిచేసింది ఆ ఏళ్లపాటు ఎవరూ చెయ్యి పెట్టకపోవడం అని నా నమ్మకం.

కైకలూరు_కిరణ్

పద్మక్కా, డాలస్ నుంచి రాస్తున్నాను. మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. మాది కొల్లేటి ఒడ్డు. మీ సరస్సు తెరిచిన ఆ 2006లోనే మా దగ్గర ఆపరేషన్ కొల్లేరు అని ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో (అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల జాబితా) చేరింది. సరస్సు పూడిపోయింది, బుడమేరు, తమ్మిలేరు నీళ్లు పోయే దారి లేక ఊళ్లు మునిగాయి. చెరువులు పోవాల్సిందే, అందులో నాకు అనుమానం లేదు. కానీ లంక గ్రామాల్లో వల తప్ప వేరే ఆధారం లేని వడ్డీల (అక్కడి జాలరి కులం) ఇళ్లల్లో అప్పుడు పడిన టెన్షన్ కళ్లారా చూశాను. పెట్టుబడి పెట్టి పెద్ద చెరువులు తవ్వినవాళ్లు వేరే, మునిగినవాళ్లు వేరే.

అందుకే అడుగుతున్నా. రెడ్ లేక్‌లో ఆ ఏళ్లు జాలరులు ఏం తిన్నారు? ఆపాలని చెప్పింది పైవాళ్లా, నిజంగా వాళ్లేనా?

బెమిడ్జీ_పద్మ

కిరణ్, నిజంగా వాళ్లే. 1997 ఓటు జాలరుల సంఘానిది. రాష్ట్రంతో ఒప్పందం దాని తర్వాత రెండేళ్లకు వచ్చింది. సరస్సు తమ పేరున ఉండటం ఇక్కడ కీలకం అనుకుంటాను. ఈ ఏడాది నేను పట్టకుండా వదిలిన చేప వచ్చే ఏడాది నా పిల్లలకే దొరుకుతుందన్న నమ్మకం ఉంటే ఆపగలం. పక్కవాడు పట్టుకుపోతాడన్న భయం ఉంటే ఎవరూ ఆపరు.

కష్టం మాత్రం తక్కువేమీ కాదు. తరాలుగా వచ్చే వల డబ్బు ఆగిపోయింది, ఉద్యోగాలు తక్కువ ఉన్న ప్రాంతం. రాష్ట్రం వైపున్న వాస్కిష్ అనే చిన్న ఊరికి మాత్రం ఇంకో చేప కలిసొచ్చింది. వాలై లేని నీళ్లలో క్రాపీ విపరీతంగా పెరిగింది. 1995లో పుట్టిన పిల్లలు పెద్దవై, చలికాలంలో వాటి కోసం జనం బారులు తీరారు. ఆ రిసార్టులు కొన్నాళ్లు క్రాపీ మీదే నిలబడ్డాయి. వాలై తిరిగి వచ్చాక క్రాపీ తగ్గింది.

తెరిచాక కూడా తెగ వెంటనే వలల జోలికి వెళ్లలేదు. ముందు గాలంతో పట్టిన చేపనే సభ్యుల దగ్గర కొన్నది. రెడ్‌బీ ఊళ్లో వాళ్ల ఫిషరీ ఉంది. అక్కడే కోసి, ప్యాక్ చేసి దేశమంతా అమ్ముతారు. సౌమ్యా, మావయ్య గారి "ఎక్కడ అమ్ముతారు"కు జవాబు అదే.

ఒక జాగ్రత్త. దిగువ రెడ్ లేక్‌లో, ఎగువలో తెగ భాగంలో తెగ అనుమతి లేకుండా బయటివాళ్లు గాలం వేయకూడదు. నీళ్ల మీద గీత కనపడదు కాబట్టి ఎగువ సరస్సులో వేసేటప్పుడు మ్యాప్ దగ్గర పెట్టుకోండి.

వంశీ_మేపుల్‌గ్రోవ్

రెడ్ లేక్ సరే. మిల్ లాక్స్‌లో మాత్రం తెగలు వసంతంలో వలలు వేయడం వల్లే వాలై పోయిందని అక్కడ నేను దిగిన రిసార్ట్ ఆయన గట్టిగా చెప్పాడు. గుడ్లు పెట్టే కాలంలో వల వేస్తే చేప ఎలా మిగులుతుంది? మనలాంటివాళ్లం లైసెన్స్ కొని ఒక చేప కోసం రోజంతా కూర్చోవాలి, వాళ్లకు వేరే రూల్. ఇది న్యాయమా?

మిల్‌లాక్స్_మూర్తి

వంశీ, ఆ మాట నేనూ ఆ ఒడ్డున చాలామంది నోట విన్నాను. ఆయన బాధ నిజం. 2015లో ఆగస్టు మొదట్లోనే వాలై వేట మూసేశారు. బుకింగులు రద్దయి, కొన్ని రిసార్టులకు ఆ దెబ్బ గట్టిగా తగిలింది. కానీ కారణం దగ్గర ఆయనతో నేను ఏకీభవించను.

1837లో అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందంలో ఒజిబ్వేలు భూమి వదులుకున్నారు. వేట, చేపలు, అడవి బియ్యం మీద హక్కు ఉంచుకున్నారు. భూమికి చెల్లించిన ధరలో ఆ హక్కు ఒక భాగం. 1999లో సుప్రీంకోర్టు 5-4తో అది ఇంకా చెల్లుతుందని తేల్చింది. అందుకని అది దయతో ఇచ్చిన రాయితీ కాదు. పైగా వాళ్లు ఎంతైనా పట్టొచ్చని కూడా కాదు. ఏటా ఎంత పట్టినా ఫరవాలేదో లెక్కకట్టి, అందులో తెగల వాటా, రాష్ట్రం వాటా విడిగా పెడతారు. వలలో పడిన చేపల్ని తూచి రాసుకుంటారు.

ఇక చేప ఎందుకు తగ్గింది? గుడ్లు పెట్టడం బాగానే ఉంది, పిల్లలూ పుడుతున్నాయి. పుట్టిన పిల్ల రెండు, మూడేళ్లు బతకడమే కష్టమైంది. వాలై కంటి వెనక మెరిసే పొర ఉంటుంది, మసక వెలుతురులో వేటాడటానికి. మిల్ లాక్స్ నీళ్లు కొన్ని దశాబ్దాలుగా తేటపడుతూ వచ్చాయి. 2005లో జీబ్రా మస్సెల్స్ (బయటి నుంచి వచ్చిన చారల చిన్న ఆల్చిప్పలు) కనిపించాక ఇంకా తేటపడ్డాయి. అవి నీళ్లలోని సన్నటి నాచును వడకట్టి తినేస్తాయి. దాంతో పిల్ల చేప తినే పురుగుకు తిండి తగ్గింది. వెలుతురు లోతుకు దిగింది, వాలైకి హాయిగా ఉండే జాగా చిన్నదైంది. నీళ్లు వేడెక్కి, చల్లటి నీళ్లు కోరే టలిబీ అనే చేప తగ్గింది, అది పెద్ద వాలై ఆహారం. అప్పుడు పెద్దవి చిన్న వాలైలనే తింటాయి. ఇన్ని ఉంటే వల ఒక్కదాన్ని పట్టుకుని తిట్టడం సులువు, అంతే.

ఇదే తేటనీళ్లలో స్మాల్‌మౌత్ బాస్ అనే చేప బాగా పెరిగింది. కొందరు గైడ్లు దానికి మారి నిలదొక్కుకున్నారు.

వంశీ_మేపుల్‌గ్రోవ్

వాటాలు కడతారన్నది ఆయన చెప్పలేదు. 1837 సంగతి చదువుతాను. అయినా గుడ్ల కాలంలో వల నాకు మింగుడుపడదు మూర్తి గారూ.

మిల్‌లాక్స్_మూర్తి

గుడ్లతో ఉన్న చేపను ఏప్రిల్‌లో పట్టినా, అంతకు ముందు జనవరిలో ఐస్ మీద పట్టినా, ఆ గుడ్లు సరస్సుకు పోయినట్టే. లెక్క చూడాల్సింది మొత్తం ఎన్ని తీశామన్నదే.

గ్రాండ్‌రాపిడ్స్_రేవతి

ఇంతసేపూ వేసవి గురించే మాట్లాడుతున్నారు. ఈ ఊళ్ల అసలు సందడి చలికాలంలో! ఐస్ గట్టిపడగానే మిల్ లాక్స్ మీద వేల ఫిష్ హౌస్‌లు వెలుస్తాయి. లోపల హీటర్, మంచాలు, నేలలో రంధ్రాలు, వాటిల్లో గాలాలు. రిసార్టువాళ్లు ఐస్ మీద మంచు తోసి రోడ్లు వేస్తారు, దారి డబ్బులు తీసుకుంటారు. ఎర అమ్మే షాపు, కేఫ్, పెట్రోల్ బంకు అన్నీ ఆ నాలుగు నెలలు లాగుతాయి. మార్చిలో గడువు లోపల హౌస్‌లు తీసేయాలి.

ఐస్ నీళ్లకన్నా తేలిక, అందుకే పైన తేలుతుంది. నీళ్లు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువు, అవి అడుగున ఉంటాయి, అక్కడ చేప బతుకుతుంది. నడవాలంటే కనీసం 4 అంగుళాల గట్టి ఐస్ ఉండాలి, పికప్ ట్రక్కుకు 13 దాకా. నిన్న ఉన్న మందం ఈ రోజు ఉంటుందని లేదు. ఎగువ రెడ్ లేక్ లోతు తక్కువ కాబట్టి ముందుగా గడ్డకడుతుంది, జనం ముందుగా అక్కడికే పరిగెడతారు. గాలి మారితే పెద్ద పలక విడిపోయి జనంతో సహా కదిలిపోతుంది. 2022 నవంబర్ చివర్లో సుమారు 200 మంది, 2023 డిసెంబర్ చివర్లో వందమందికి పైగా అలా చిక్కుకుంటే ఒడ్డుకు చేర్చాల్సి వచ్చింది. ఆ 2023-24 చలికాలంలో ఐస్ సరిగా పట్టనే లేదు. చాలా ఊళ్లకు ఆదాయం లేదు. వేడి చలికాలం అంటే సిటీలో సంతోషిస్తాం, ఇక్కడ కిరాణా కొట్టు అప్పు పెరుగుతుంది.

ఐస్ మీద బతుకు ఎంతవరకు వెళ్తుందో చెప్పాలంటే నార్త్‌వెస్ట్ యాంగిల్. లేక్ ఆఫ్ ది వుడ్స్ అవతల ఉన్న అమెరికా ముక్క. 1783లో తప్పు మ్యాప్ చూసి సరిహద్దు గీశారు, దాంతో రోడ్డు మీద అక్కడికి వెళ్లాలంటే కెనడా దాటాలి. కోవిడ్‌లో సరిహద్దు మూసేస్తే అక్కడి రిసార్టువాళ్లు 2021 చలికాలంలో వారోడ్ నుంచి సుమారు 30 మైళ్ల దారి, ఎక్కువ భాగం సరస్సు మీదే, తోసుకుని అతిథుల్ని రప్పించుకున్నారు. సౌమ్య గారూ, మీ అత్తమామలకు కెనడా వీసా లేకపోతే యాంగిల్‌కు రోడ్డు దారి పెట్టుకోకండి.

సౌమ్య_రోజ్‌విల్

ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. రెడ్ లేక్ కథ మావయ్య గారికి ఫోన్‌లో చదివి వినిపించాను. ఆయన వెంటనే అడిగింది: "చెరువు ఆపితే మేత ఖర్చైనా మిగులుతుంది, వీళ్లకు అదీ లేదే. ఓటేసిన వాళ్లందరికీ ఒకే మాట ఎలా వచ్చింది?" నేనైతే చెప్పలేకపోయాను.

అత్తయ్య అడిగింది వేరే. అడవి బియ్యం అంటే ఏమిటి, మన బియ్యం లాంటిదేనా?

బెమిడ్జీ_పద్మ

అత్తయ్య గారికి చెప్పండి, అది వరి కాదు, లోతులేని సరస్సుల్లో దానంతట అదే పెరిగే వేరే గడ్డి గింజ. ఒజిబ్వేలు మనూమిన్ అంటారు. ఆగస్టు చివర్లో, సెప్టెంబర్‌లో పండుతుంది. ఒక పడవలో ఇద్దరు. ఒకరు నిలబడి గడతో పడవ తోస్తారు. ఇంకొకరు ఒక కర్రతో వెన్నులు పడవలోకి వంచి, రెండో కర్రతో మెల్లగా తడతారు. పండిన గింజ పడవలో రాలుతుంది, పండనిది మొక్కకే ఉంటుంది, కొంత నీళ్లలో పడి వచ్చే ఏడాదికి విత్తనం అవుతుంది. రాష్ట్ర నియమాల్లో కర్ర 30 అంగుళాలు మించకూడదు, పౌను బరువు దాటకూడదు. మొక్క దెబ్బతినకూడదని. తర్వాత వేయించి, పొట్టు తొక్కి, చెరుగుతారు. చేటతో చెరగడం చూస్తే అత్తయ్య గారు అక్కడి నుంచి కదలరు.

నీటిమట్టం వేసవి మొదట్లో అడుగు పెరిగినా మొక్క మునిగిపోతుంది. సల్ఫేట్ ఎక్కువైనా పెరగదు. అందుకే అడవి బియ్యం పెరిగే నీళ్లకు లీటరుకు 10 మిల్లీగ్రాముల పరిమితి 1973 నుంచి రాష్ట్ర నియమాల్లో ఉంది. గనుల పక్కన దాన్ని అమలు చేయడం మీద గొడవ ఇప్పటికీ నడుస్తోంది. ఈ విషయంలో నేను పూర్తిగా బియ్యం వైపు.

కొనేటప్పుడు నల్లగా, నిగనిగలాడేది సాధారణంగా మడుల్లో పండించింది. సరస్సుది గోధుమ, లేత ఆకుపచ్చ రంగులు కలిసి ఉంటుంది, తొందరగా ఉడుకుతుంది. దాంతో పులిహోర చేస్తాను, బాగా వస్తుంది.

మావయ్య గారి ప్రశ్నకు: అందరికీ ఒకే మాట రాలేదు. వలలు ఖాళీగా రావడం మొదలయ్యాకే ఓటు దాకా వెళ్లింది. అది కూడా ఆయనకు చెప్పండి.

కైకలూరు_కిరణ్

ఖాళీ వల మా దగ్గరా చూశాం అక్కా. ఓటు అడిగినవాళ్లే లేరు.

శ్రీను_వుడ్‌బరీ

సౌమ్య గారూ, ఇంకొక్కటి. మీరు పడవ అద్దెకు తీసుకుంటే, ఒడ్డుకు రాగానే అడుగున డ్రెయిన్ ప్లగ్ తీసి నీళ్లన్నీ వదిలేయాలి, నాచు, మట్టి తుడవాలి. మిగిలిన ఎర సరస్సులో పారబోయకూడదు, చెత్తబుట్టలో వేయాలి. ఇది చట్టం. జీబ్రా మస్సెల్ పిల్లలు కంటికి కనపడవు, బకెట్ నీళ్లల్లో ఇంకో సరస్సుకు చేరిపోతాయి.

సౌమ్య_రోజ్‌విల్

ప్లాన్ ఇలా అనుకుంటున్నాం. మొదటి రోజు మిల్ లాక్స్‌లో పొద్దున లాంచ్. ఆ సాయంత్రం లీచ్ లేక్ ఒడ్డున వాకర్‌కు వెళ్లి రెండు రాత్రులు కేబిన్. మూడో రోజు బెమిడ్జీ మీదుగా రెడ్‌బీ, ఫిషరీలో చేప కొనుక్కుని వెనక్కి. సెప్టెంబర్ దాకా ఉంటారు కాబట్టి బియ్యం కోసం మళ్లీ వస్తాం. పద్మ గారూ, రెడ్‌బీకి ఉత్త చేతులతో వెళ్లొచ్చా, ముందు ఫోన్ చేయాలా? ఫొటోలు తీయొచ్చా?

బెమిడ్జీ_పద్మ

ముందు ఫోన్ చేయండి, ఆ రోజు అమ్మకం ఉందో లేదో తెలుస్తుంది. ఐస్ బాక్స్ పెద్దది తెచ్చుకోండి. ఊళ్లో మనుషుల్ని, ఇళ్లను అడగకుండా ఫొటో తీయొద్దు. మావయ్య గారికి చేపల చెరువుల అనుభవం ఉందని కౌంటర్ దగ్గర చెప్పండి, మాట కలుస్తుంది. జూన్‌లో దోమలు బాగా ఉంటాయి, అత్తయ్య గారికి పొడుగు చేతుల చొక్కా ఒకటి పెట్టండి. సాయంత్రం తొమ్మిది దాటేదాకా వెలుతురు ఉంటుంది కాబట్టి వెనక్కి వెళ్లే తొందర పెట్టుకోకుండా మా ఇంట్లో భోజనం చేసి వెళ్లండి. మీరు తెచ్చే పైక్ పులుసుకు చింతపండు నా దగ్గర ఉంది.